ఇరవై దాటని ఆటో మీద ర్యాష్ కేసు

పులివెందుల పక్కన గొర్రెల కాపరుల ఇంట పుట్టిన ఆదిలక్ష్మమ్మకు నలభై ఆరో ఏట రెండు ఘనతలు దక్కాయి. ప్రొద్దుటూరులో మూడోసారికి ఎనిమిది అంకె చుట్టి ఆటో లైసెన్సు సంపాదించడం ఒకటి. జమ్మలమడుగు, ముద్దనూరు మధ్య అందరికంటే నిదానంగా తోలే డ్రైవరన్న పేరు రెండోది. ఆమె ఆటో ఇరవై దాటదు. సైకిళ్లు దాటిపోయినా ఆమెకు పట్టదు. అలాంటి మనిషి మీద ర్యాష్ డ్రైవింగ్ కేసు పడిందని తెలిసి ఆటోస్టాండంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆవేళ మొగుడు గంగాధర్‌కు జ్వరం. నలభై గొర్రెల్ని కొత్త బీడుకు తోలాలి. ఆటోలో చూస్తే అయిదుగురు ఎక్కి కూర్చున్నారు. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి గదా అనుకుంది మహాతల్లి. ఆమె ఈల వింటే ఆమె పెంచిన పొట్టేలు కదులుతుంది, దాని వెనకే మందంతా ఎక్కడికైనా వస్తుంది. ఒంటిచేత్తో హ్యాండిలు పట్టుకుని, తల బయటపెట్టి వెనక్కి చూస్తూ, ఈల వేసుకుంటూ రెండు మైళ్లు పోయింది. మలుపులో ఎదురొచ్చిన స్కూలు బస్సు ఆమెను తప్పించబోయి కంపచెట్లలోకి దిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ బస్సు వెనకే బైకు మీద కానిస్టేబుల్ నౌషీన్ వస్తోంది.

"నేను ఇరవై దాటలే గదా మేడం, ర్యాష్ అని ఎట్ల రాస్తాండావు?" అంది ఆదిలక్ష్మమ్మ.

"ర్యాష్ అంటే స్పీడొకటే కాదమ్మా. ఎదుటోళ్ల పానానికి ముప్పు తెచ్చేట్ల తోలినా ర్యాషే. ఆర్నెల్ల జైలు గూడా పడొచ్చు. కోర్టు తలుచుకుంటే లైసెన్సు ఆపేస్తాది."

జైలు మాటకు ఆమె బెదరలేదు. లైసెన్సు మాటకు మాత్రం కార్డున్న సంచిని రొమ్ముకు అదుముకుంది. వాళ్లింటి ఆడవాళ్లలో ఎవరికైనా 'నీకు ఈ పని వచ్చు' అని సర్కారు రాసిచ్చింది ఆ కార్డొక్కటే. వారానికోసారైనా దాన్ని తీసి అందులో తన ఫొటో చూసుకుని మురిసిపోతుంది.

జమ్మలమడుగు కోర్టులో గట్టిగానే చెప్పింది. "నా తప్పేం లేదు మేడం. ఇరవైలోనే పోతాంటి."

మేజిస్ట్రేటు తలెత్తింది. "ఎటు చూస్తూ?"

"గొర్రెల తట్టు."

"మరి రోడ్డు ఎవరు చూస్తున్నారు?"

"ప్యాసింజర్లు మేడం. ఎడమకు తిప్పు, కుడికి తిప్పు అని వాళ్లే చెప్తాన్న్యారు. శానా బాగా చెప్పినారు."

హాలంతా గొల్లుమంది. ఆదిలక్ష్మమ్మ కూడా నవ్వింది.

"బస్సులో ఎంతమంది పిల్లలున్నారో తెలుసా?" అంది మేజిస్ట్రేటు, నవ్వకుండా.

ఆమె నవ్వు ఆగిపోయింది. "తెలీదు మేడం. నేను బస్సునే చూడలే. తప్పు నాదే."

జరిమానా వేసి, ఇంకోసారి ఇలా వస్తే లైసెన్సు ఉండదని హెచ్చరించి పంపారు. బయటికొచ్చి కార్డును కళ్లకద్దుకుంది.

మర్నాడు అదే రోడ్డు. జ్వరం తగ్గిన గంగాధర్ పక్క బీడులో మందను మేపుతున్నాడు. ఆటో చప్పుడు వినగానే గొర్రెలన్నీ మేత వదిలి వెంటపడ్డాయి. మెడ వెనక్కి తిరగాలని ఎంత గుంజినా ఆదిలక్ష్మమ్మ తిప్పలేదు.

"అప్పా, ఎవురన్నా ఎనక్కి చూసి చెప్పండి. నా పొట్టేలు వస్తాందా?"

ప్యాసింజర్లందరూ వెనక్కి తిరిగారు. "వస్తాంది లేమ్మా, మీ ఆయన గూడా ఉరుకుతాండాడు. నువ్వు ముందుకు చూడు."

చూస్తూనే ఉంది. రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని, ఇరవైలోనే, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుతూ రోడ్డునే చూస్తూ పోయింది.