ఒక్క మాటలో చెప్పమన్నారు

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయడం రాక రాయలేదు. నేను పుట్టింది పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఉద్యోగం కేంద్ర పోలీసు దళంలో, అక్కడ హిందీ. పెళ్ళయి పాతపట్నం కోడలినయ్యాక కూడా సెలవులకు వచ్చిపోవడమే తప్ప తెలుగు అక్షరం ముట్టలేదు. ఏ బస్సు ఎటు పోతుందో పక్కవాళ్ళని అడిగి ఎక్కేదాన్ని. సొంత భాషలో సంతకం పెట్టడం యాభై దగ్గర పడ్డాక గానీ రాలేదు.

లైబీరియా. ఆఫ్రికా పడమటి తీరం. అంతర్యుద్ధం ఆగిన దేశం. మాది ఆడవాళ్ళ దళం, ఐక్యరాజ్యసమితి తరఫున శాంతి రక్షణ డ్యూటీ. జూలైలో రాజధాని మన్రోవియాలో దిగాం. విమానం తలుపు తీసేసరికి వాన. అక్కడి వానకు తెరిపి ఉండదు. మూడు నెలలు నా బూట్లు ఆరలేదు. ఎర్ర మట్టి. గాలిలో నౌపడ ఉప్పు మడుల దగ్గర వచ్చే వాసన.

నన్ను సంత జంక్షన్ పోస్టుకి వేశారు. ఇసక బస్తాల గోడ, రేకుల కప్పు, ఒక జనరేటరు, రెండు పెద్ద లైట్లు. సాయంత్రం ఆరింటి నుంచి తెల్లవారి ఆరింటి దాకా. ఒంటి మీద తూటాలాపే జాకెట్, నెత్తిన హెల్మెట్, భుజాన రైఫిల్. నాతో హర్యానా సిపాయి, మిజో డ్రైవరు, కేరళ నర్సు. వాళ్ళకి నా పప్పు పడదు. నాకు వాళ్ళ పప్పు పడదు. చింతపండు వెయ్యాలా వద్దా అనే గొడవ ఆరు నెలలు సాగింది.

మా లైటు కింద హవ్వా అనే ఆమె చేపలు వేయించి అమ్మేది. యుద్ధంలో ఆమె దుకాణం కాలిపోయింది. మిగిలింది ఒక బొగ్గుల కుంపటి, ఒక పెనం. పనులకు పోయినవాళ్ళు తిరిగొచ్చేది చీకటి పడ్డాకే కాబట్టి ఆమె బేరమంతా మా లైటు మీదే. ఆమె ముస్లిం, మండింగో జాతి. తాతల నాటి నుంచి అక్కడే ఉన్నా, గినీ దేశం నుంచి వచ్చావు, అక్కడికే పో అనేవాళ్ళు కొందరు. పగలు అనేవాళ్ళు ఒకరిద్దరే, చీకట్లో చాలామంది అంటారని ఆమె నాతో చెప్పింది.

ఎదురింట్లో సిసీలియా టీచరమ్మ. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ పూర్వీకులు అమెరికాలో బానిసలుగా ఉండి, విడుదలయ్యాక ఓడెక్కి వచ్చి ఈ దేశంలో స్థిరపడ్డారు. ఆవిడ బాప్టిస్టు క్రైస్తవురాలు, మా ఇల్లూ బాప్టిస్టే. ఆదివారం వాళ్ళ గుడిలో పాటకి మా పాతపట్నం గుడి రాగమే. దాంతో ఈవిడ మన మనిషి అనుకున్నాను. అది నా పొరపాటు.

వానలు తగ్గి, క్రిస్మస్ దాటాక కంట్రోల్ రూం నుంచి ఆర్డరు వచ్చింది. పోస్టు ఉంచాలా, ఎత్తెయ్యాలా అని పైన ఆలోచిస్తున్నారు. స్థానికులు ఏమంటున్నారో కనుక్కుని శుక్రవారానికి చెప్పాలి. ఒక్క మాటలో చెప్పాలి.

సరే అని ముగ్గురిని పోస్టు దగ్గరికి పిలిచాను. హవ్వా, టీచరమ్మ, అక్కడి మాటలు మాకు విప్పి చెప్పే మా దుబాసీ. అతను క్రూ జాతివాడు, చేపలు పట్టేవాళ్ళ అబ్బాయి. అక్కడి ఇంగ్లీషు ఒక్కొక్కరిది ఒక్కో తీరు. హవ్వాది సంత ఇంగ్లీషు, టీచరమ్మది పుస్తకాల ఇంగ్లీషు. నాకు వినిపించినట్టే రాస్తున్నాను.

"పోస్టు ఉండాల," అంది హవ్వా. "సీకటడితే నా కాడికి ఎవుడొస్తాడు?"

"మీరు మంచివారే," అంది టీచరమ్మ నాతో. "కానీ మా గుమ్మంలో పరాయి తుపాకీ ఎన్నాళ్ళు? మా ఇంటికి మేము గడియ వేసుకోలేమా? వెళ్ళండి."

"నీకేటమ్మా. గోడున్నాది, గేటున్నాది. నాకేటున్నాది, పెనం."

"నీ పెనం కోసం దేశం మొత్తాన్ని కాపలాలో పెట్టమంటావా?"

"ఓడ దిగొచ్చినోళ్ళు దేశం గురించి సెప్తన్నారు, ఇనండి."

"నిన్ను గినీ పొమ్మన్నవాళ్ళని తిట్టింది ఎవరు? నేను. అది మరిచిపోకు."

దుబాసీ నవ్వుతున్నాడు. నువ్వేమంటావని అడిగాను. "మావోళ్ళు ఈలిద్దరికన్నా ముందునుంచీ ఈ ఒడ్డునే ఉన్నారు. మమ్మల్ని అడిగినోడు లేడు," అన్నాడు. "ఇప్పుడడిగినావు కాబట్టి సెప్తన్నాను. పోస్టు పట్టుకుపోండి. జనరేటరు ఉంచీండి."

గంటసేపు ఇదే. అక్కడున్న ప్రతి మనిషి మీదా నాకు విసుగొచ్చింది. వైర్‌లెస్ తీశాను.

"కంట్రోల్, జంక్షన్ పోస్ట్. ఓవర్."

"చెప్పు. ఉండాలా, వెళ్ళాలా?"

"ఒకరు ఉండమంటున్నారు. ఒకరు వెళ్ళమంటున్నారు. ఒకరు జనరేటరు అడుగుతున్నారు. ఓవర్."

"స్థానికుల మాట అడిగాను."

"వీళ్ళే స్థానికులు సార్."

"వాళ్ళంతా ఒకటే కదా. ఒక మాట మీదకి తీసుకురా."

"మేం నలుగురం పప్పు సంగతే ఆరు నెలల్లో తేల్చుకోలేదు సార్. వీళ్ళని శుక్రవారానికి ఎలా తేల్చమంటారు? ఓవర్."

"ఔట్," అన్నారాయన.

తర్వాతి వారం పోస్టు ఎత్తేశారు. పై కాగితంలో ఏం పడిందో నాకు తెలీదు. మధ్యాహ్నానికి బస్తాలు విప్పాం, రేకులు దింపాం, జనరేటరు లారీకెక్కించాం. దుబాసీ దాని వైపు చూసి తల తిప్పుకున్నాడు. హవ్వా కుంపటి పక్కన కూర్చుని చేపలు తోముతూనే ఉంది.

ఆ సాయంత్రం గస్తీ బండిలో అటే వెళ్ళాం. జంక్షన్ చీకటిగా ఉంటుందనుకున్నాను. టీచరమ్మ ఇంట్లోని చిన్న జనరేటరు నుంచి గేటు మీదుగా, మురుగు కాలవ దాటించి, ఒక పొడుగాటి వైరు లాగి ఉంది. దాని చివర ఒక బల్బు. అడపాదడపా వచ్చే జల్లు బల్బు మీద పడకుండా కర్రకి కట్టిన నల్ల గొడుగు. దాని కింద హవ్వా పెనం. పక్కనే టీచరమ్మ కుర్చీ వేసుకుని, నూనె పొగకి తన గోడ పాడవుతోందని సణుగుతోంది. బండి ఆపించాను.

"మిమ్మల్ని వెళ్ళమన్నాను," అంది టీచరమ్మ. "దీపం ఆర్పమని నేను అనలేదు."

"బల్బు ఇచ్చింది, బాగున్నాది," అంది హవ్వా, చేప తిప్పుతూ. "నా మాట మారదు. పోస్టు ఉండాల్సింది."

ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. మా బండి కదిలినా వాళ్ళు చూడలేదు.

డ్యూటీ ముగిసి పాతపట్నం వచ్చాను. ఊళ్ళో శాలువా కప్పారు. విలేకరి ఒకతను వచ్చి అక్కడి విషయాలు అడిగితే ఇదంతా వరసగా చెప్పాను, పేర్లతో సహా. తల ఊపుతూ రాసుకున్నాడు. పేపరు వచ్చిన రోజు సాయంత్రం మా వదిన చదివి వినిపించింది. ఆమె అంగన్‌వాడీలో టీచరు. ఆఫ్రికా జనం మన దళాన్ని వెళ్ళొద్దని కన్నీళ్ళతో వేడుకున్నారట.

"మళ్ళీ సదువు," అన్నాను.

"ఎన్నిసార్లు సదివినా అదే ఉంటాది వదినా."

"హవ్వా పేరున్నాదా?"

"నేదు."

"టీచరమ్మది?"

"అదీ నేదు. అందర్నీ కలిపి ఆఫ్రికా జనం అనేసినారు. అయితే ఏటి, నీ ఫొటో బాగా పడ్డాది కదా."

ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. కంట్రోల్‌లో సారుకి చెప్పినప్పుడూ ఇంతే, ఇంటికొచ్చి చెప్పినా ఇంతే. కళ్ళు మూసుకుంటే గొడుగు కింద ఆ బల్బు. ఇప్పటికీ అంతే. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ బల్బే వెలిగినట్టు ఉంటుంది. దాని కింద ఇద్దరాడవాళ్ళు, ఒకరి మాట ఒకరు ఒప్పుకోకుండా.

మర్నాడు పొద్దున్నే వదిన వెంట అంగన్‌వాడీకి వెళ్ళి పిల్లల వెనకాల చాప మీద కూర్చున్నాను. పలక అడిగాను. వదిన అ ఆ రాసివ్వబోయింది. అవి తర్వాత, ముందు ఈ రెండు పేర్లు రాసివ్వమన్నాను. పలక చిన్నది. హవ్వాని ఒక వైపు, సిసీలియాని ఇంకో వైపు రాసింది. పిల్లలు అన్నాలకి లేచేదాకా వాటినే దిద్దుతూ కూర్చున్నాను.