వెలిగిన మూడు గుంటలు

చదువుకున్న మనిషి తన పరువు తానే ఎంత శ్రద్ధగా తీసుకోగలదో తెలియాలంటే కాసేపు ఇలా కూర్చోండి. విజయనగరంలో పరిశోధన చేసే రోజుల్లో నా పరువు పోయింది. ఊరికే పోలేదు, మిషన్‌లో పచ్చగా వెలిగి మరీ పోయింది.

మెదడులో ఆకలి పుట్టించే న్యూరోపెప్టైడ్ అనే పదార్థం ఒకటుంది. కణం మీద దానికో రిసెప్టర్ ఉంటుంది. పెప్టైడ్ వెళ్లి అక్కడ అతుక్కుంటే కణం లేచి పని మొదలుపెడుతుంది. జబ్బుపడి అన్నం సహించని వాళ్ల కోసం, అదే రిసెప్టర్‌ని లేపే రసాయనం తయారు చేయాలని నా తాపత్రయం. ఎన్ని చేసినా ఒక్కటీ లేపలేదు. నా పని చూసే కమిటీ రావడానికి ఒక్కరోజే మిగిలింది. మర్నాడు వాళ్లకి ఏదో ఒకటి చూపించకపోతే పరిశోధన బంద్, నౌపడ రైలెక్కి ఇంటికి పోవడమే.

అమ్మకి ఫోన్ చేశాను.

"కొత్త మందు పెడతన్నానమ్మా. భయమేస్తంది."

"పసుపు రాసినావేటే?"

"ల్యాబులో పసుపేటమ్మా!"

"కొత్త పొయ్యికి రాస్తాం, కొత్త సైకిలుకి రాస్తాం. నీ మందుకేటి, కొమ్ములున్నాయా? నానిచ్చిన పొట్లం ఉన్నాది కదా, రాసెయ్."

రాశాను. కణాలు పెంచే ప్లాస్టిక్ ప్లేటుకి చిన్న చిన్న గుంటలుంటాయి. నా మందు పోసే మూడు గుంటలకీ బొట్లు పెట్టాను. పైన పెడితే నా పరిశోధనకి గైడైన మేడమ్ చూస్తారని అడుగున పెట్టాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను!

కణం మేలుకుంటే పచ్చగా వెలిగేలా అందులో ఒక రంగు కలుపుతాం. ఆ వెలుగుని మిషన్ కొలుస్తుంది. మందు పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి కొలవాలి. తొందరలో మొదటిది ఎగ్గొట్టాను. మూడు గుంటలూ పెళ్లిపందిరిలా వెలిగాయి. వెంటనే అమ్మకి చెప్పాను, సాయంత్రానికల్లా ఆవిడ నౌపడంతా చెప్పేసింది.

మర్నాడు కమిటీ వాళ్లు తమ ముందు మళ్లీ చెయ్యమన్నారు. కలిసొచ్చిన పని మానడమెందుకని కొత్త ప్లేటుకీ అడుగున బొట్లు పెట్టాను. కంగారులో మొదటి కొలత ఈసారీ ఎగ్గొట్టాను. మళ్లీ వెలిగాయి. వాళ్లలో ఒక పెద్దాయనకి ఎందుకో నమ్మకం కుదరలేదు.

"మందు తీసేసి ఆ మూడింట్లో ఉత్త ఉప్పునీళ్లు పొయ్యమ్మా."

పోశాను. వెలిగాయి.

"ఉప్పునీళ్లు తాగితే ఆకలేస్తాదేటమ్మా?" అన్నారాయన.

మా మేడమ్‌ది శ్రీకాకుళం. మామూలుగా పుస్తకంలా మాట్లాడతారు, కోపమొస్తే మాత్రం సొంత ఊరు బయటికొస్తుంది. ప్లేటు తలపైకెత్తి అడుగు చూశారు.

"ఏటిది?"

"పసుపండి."

"ఏటీ?"

"శుభానికని..."

"ఒసే, మిషను కింద నుంచే సూస్తాది! మిషను లైటు పడితే పసుపు దానికదే పచ్చగా వెలుగుతాది! ఆ మాత్రం తెలీదేటే నీకు?"

తెలుసండీ. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అదే నా ఏడుపు!

బొట్లు తుడిచి మందు పోస్తే ఒక్క కణమూ కదల్లేదు. కమిటీ వాళ్లు కడుపు పట్టుకుని నవ్వి, ఆనక జాలిపడి, ఇంకో ఆర్నెల్లు గడువిచ్చారు. నేను ఒళ్లు మండి అమ్మకి ఫోన్ చేశాను.

"నీ పసుపే నా కొంప ముంచింది!"

"నా పసుపు వెలిగింది కదే. వెలగంది నీ మందు."

కాబట్టి నిద్ర లేవని ఆ కణాల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇక జన్మలో ప్లేటుకి అడుగున బొట్టు పెట్టను. మరీ భయమేస్తే, మేడమ్‌ని అడిగి మూతకి పెడతాను.