పాట మొదలవగానే చెవులు మూసుకునే మా షారోను

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, నన్నూ నా బిడ్డనూ మీ మధ్య నిలబెట్టిన ప్రభువుకు వేల వందనాలు! వేరే సంఘాల నుంచి ఈ కూటానికి వచ్చినవాళ్ళకు నా సంగతి తెలియదు, నా నోరు కొంచెం పెద్దది, మా ఆయనైతే లేచేముందే కొంగు లాగి తక్కువ మాట్లాడమన్నాడు, కానీ దేవుడు చేసిన మేలు తగ్గించి చెప్పడం నాకు చేతకాదు.

తెలంగాణ వేరే రాష్ట్రం అవుతుందా కాదా అని సరిహద్దు అవతల మాటిమాటికీ బంద్‌లు జరుగుతున్న రోజులవి. మేము ఇవతల మరాఠీవాళ్ళ రాష్ట్రంలో, చంద్రపూర్ పక్కన ఊర్జానగర్‌లో ఉండేవాళ్ళం, మా ఆయనకు కరెంటు ప్లాంటులో పని. మా షారోనుకు అప్పుడు ఆరేళ్ళు. మాట లేదు, పిలిస్తే చూడదు, గిన్నె మూతను నేలమీద తిప్పుకుంటూ పూటంతా కూర్చునేది. ఇంట్లో ఎలాగో గడిచిపోయేది గానీ ఆదివారం వస్తోందంటే నాకు భయం. మందిరంలో డోలక్ మోగి, మైకులో పాట మొదలవగానే నా బిడ్డ రెండు చెవులూ మూసుకుని, కిందపడి, ఊపిరి ఆగిపోతుందేమో అన్నట్టు అరిచేది! పాట ఆగితే ఊరుకునేది, మళ్ళీ ఎత్తుకుంటే మళ్ళీ అరిచేది. యేసయ్య నామం వినలేకపోతోంది, లోపల ఏదో ఉందని సంఘమంతా అనుకున్నారు. ప్రేమతోనే అనుకున్నారు, ప్రేమతోనే చుట్టూ చేరి ఇంకా గట్టిగా ప్రార్థించారు, ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు, అది ఇంకా గట్టిగా అరిచింది.

నేను పొయ్యి ముందు కూర్చుని, "ప్రభువా, నా కడుపున పుట్టిన బిడ్డకు నీ పేరంటేనే పడదంటున్నరు, నేను నీ దిక్కు ఉండాల్నా, దాని దిక్కు ఉండాల్నా, నువ్వే చెప్పు తండ్రీ" అని ఏడ్చేదాన్ని.

చివరికి పెద్దలు ఒక దారి చూపించారు. ఆదిలాబాద్ వైపు దయ్యాలు వదిలించే ప్రార్థన ఇల్లు ఒకటుందట, బిడ్డను అక్కడ వదిలి రావాలట, తల్లి దగ్గర ఉండకూడదట, నెమ్మదించాక కబురు చేస్తారట. మా ఆయన సరే అన్నాడు. నేను బిడ్డ గౌన్లు సంచిలో సర్దాను.

చంద్రపూర్ బస్టాండుకు వెళ్తే అవతల బంద్, బస్సు కదలదన్నారు. ఏం చేయాలో తోచక బల్ల మీద కూర్చున్నాం. అంతలో బస్టాండు మైకు గరగరమని ఏదో చెప్పడం మొదలుపెట్టింది, అంతే, షారోను చెవులు మూసుకుని కింద పడిపోయింది! చుట్టూ జనం మూగారు, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్క బల్ల మీద లక్కడ్‌కోట్ నుంచి వచ్చిన లక్ష్మి అనే ఆమె, మీసాలొచ్చిన కొడుకుతో కూర్చుని ఉంది. మండే ఎండల్లో ఆ అబ్బాయి చెవులకు మఫ్లర్ కట్టి ఉంది! ఆమె లేచి వచ్చి, ఒక్క మాట అడగకుండా, తన కొంగు నా బిడ్డ చెవుల చుట్టూ చుట్టి ఒడిలో గట్టిగా పట్టుకుంది.

"ఏడ్వకు అక్కా, పోరికి మైకు చప్పుడు పడ్తలేదు, గంతే. మా పోరడు గూడ గిట్లనే, కుక్కర్ సీటీ కొడితే ఇల్లిడిచి ఉరుకుతుండె."

"దయ్యం పట్టిందంటున్నరమ్మా, యేసయ్య పాట పాడితే ఒర్లుతదని" అన్నాను.

"గీ మైకుల పాటేడ వస్తుంది? నాగ్‌పూర్ బస్సు సంగతి చెప్తుండు! దానికెందుకు ఒర్లుతున్నట్టు?"

సహోదరులారా, అన్నాళ్ళ ఉపవాసాల్లో నాకు దొరకని జవాబు దేవుడు బస్టాండులో పంపించాడు! నేను కళ్ళు తుడుచుకుని సంచి అందుకున్నాను. రేపు బస్సు ఉంటుందట అని మా ఆయన నసిగాడు. "మీరు పోండ్రి, నేనూ నా బిడ్డా ఇంటికి పోతున్నం" అన్నాను. ఆయన గుర్రుగా చూసి, మా వెనకే వచ్చి ఆటో ఎక్కాడు.

తర్వాత లక్ష్మి చెప్పిన పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం, ఇది ఆటిజం అన్నాడు, ఎలా మెలగాలో నేర్పించాడు. నేను తిన్నగా మా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఒక్క ఆదివారం డోలక్, మైకు లేకుండా పాడమని అడిగాను. ఆరాధన చప్పబడిపోతుందని పెద్దలు కోప్పడ్డారు. పాస్టరుగారు మాత్రం ఆదివారం వచ్చాక తానే వెళ్ళి మైకు తీగ పీకేసి, మెల్లగా పాట ఎత్తుకున్నారు. నా బిడ్డ చెవుల మీది నుంచి చేతులు తీసింది! పాట అయిపోయేదాకా నా ఒడిలో ఊగుతూ వింది. నేను ఒక్క చరణం కూడా పాడలేదు, ఏడుపు ఆగితే కదా! ప్రభువు దిక్కూ నా బిడ్డ దిక్కూ ఒక్కటేనని ఆ రోజు తెలిసింది, దేవునికే మహిమ!

ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం మా మందిరం వెనక గదిలో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులం కూర్చుంటున్నాం. మరాఠీవాళ్ళూ వస్తారు, లక్ష్మీ వస్తుంది. ఆమె మొక్కులు ఆమెకున్నాయి, నేను గొడవపడను, దేవుడు నా దగ్గరికి పంపింది ఆమెనే. ఏడిపించకుండా జుట్టు కత్తిరించడం ఎలా, పెళ్ళికి తీసుకెళ్ళడం ఎలా, అత్తగారి నోరు మూయించడం ఎలా, నవ్వకండి, అన్నీ మాట్లాడుకుంటాం! కొత్తగా వచ్చిన తల్లి ఏడిస్తే ఏడవనిస్తాం, పక్కన కూర్చుంటాం, ఆమె పేరెత్తి ప్రార్థన చేస్తాం.

షారోనుకు ఇప్పటికీ మాటలు రాలేదు. వస్తే స్తోత్రం, రాకపోయినా స్తోత్రం. నా గుండెల మీద కూర్చున్న భయం మాత్రం పోయింది. ఇలాంటి బిడ్డ ఉండి, పదిమందిలోకి రావడానికి జంకి, మందిరం మెట్ల దగ్గరి నుంచే వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, అమ్మా, అయ్యా, ప్రభువును నమ్మి లోపలికి రండి. బిడ్డను ఊరుకోబెట్టాకే రావాలని ఆగకండి. అరిస్తే పాట ఆపుతాం, నెమ్మదించాక మళ్ళీ ఎత్తుకుంటాం, మన దేవుడికేం తొందర లేదు.