జెరుబ్బాబెలు గారి పేరు వెనక కథ

సెనేటర్ జెరుబ్బాబెలు ప్లాట్ గారిని పేరడిగినవాడు ఆ పూటకి భోజనం మర్చిపోవాల్సిందే. పేరొక్కటీ చెప్పి ఊరుకునే మనిషి కాదాయన. ఆ పేరుగల బైబిలు నాయకుడి కథ అందుకుని, బబులోను చెర దగ్గర మొదలుపెట్టి, యూదుల్ని యెరూషలేముదాకా నడిపించి, కూలిన మందిరానికి పునాది వేయించాకే ఊపిరి తీసుకునేవారు.

అమెరికాలోని ఆ వెర్మాంట్ కొండల్లో ఆయన ఎక్కని గడప లేదు, ఆయన్ని చూసి తలుపు వేసుకోని ఇల్లూ లేదు. ఒకసారి మంగలి ముద్దుగా "జెబ్ గారూ" అన్నాడు. అంతే, సగం గడ్డంతో కుర్చీలోంచి లేచి కథంతా చెప్పారు. చెప్పడం అయ్యేసరికి గీసిన వైపు కూడా మాసిందని ఊళ్ళో చెప్పుకుంటారు.

అందరికంటే ఎక్కువ నలిగినవాడు ఊరి గుమాస్తా ఓరిన్ విట్‌కమ్. సభలో ఎవరేం మాట్లాడినా రాయాల్సింది అతనే. ఇరవై ఏళ్లలో ఆ మందిరాన్ని కాగితం మీద నలభైసార్లు కట్టాడు పాపం.

ఒక ఏడు మార్చిలో ఊరిసభ ముందుకి ఒకటే పెద్ద విషయం వచ్చింది. మొగుడు పోయిన కెజియా డౌ ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని కిందటేడు ఆ ఊరు చేరింది. ఏడాది తిరిగేలోపు కానిస్టేబులు వెళ్లి 'ఊరు విడిచి పో' అని చదివి వినిపిస్తే ఆమెను పోషించే బాధ్యత ఊరికి ఉండదు. వినిపించకపోతే ఆమె ఊరిమనిషే, ఇక పొమ్మనడానికి వీల్లేదు. ఆ గడువు సభ జరిగే రోజు పొద్దుగుంకేదాకానే. కాగితం సిద్ధంగా ఉంది, సభ సరేననడమే తరువాయి.

"ఎవరైనా మాట్లాడతారా?" అన్నాడు అధ్యక్షుడు, ఎవరూ మాట్లాడరనే ధీమాతో.

ప్లాట్ గారు లేచారు. "అసలు నాకీ పేరెందుకు పెట్టారంటే..."

"చచ్చాం రా నాయనా!" అన్నాడు కానిస్టేబులు.

లేచినవాడు తనంతట తాను కూర్చునేదాకా ఆపకూడదన్నది అక్కడి కట్టుబాటు. జనం తెచ్చుకున్న రొట్టె, చిక్కుడుగింజలు తినేసి కునుకు కూడా తీశారు. యూదులింకా బబులోను దాటలేదు. ఓరిన్‌కి అనుమానం వచ్చింది, ఈపాటికి పునాది పడిపోవాలే! తలెత్తి చూస్తే ప్లాట్ గారి చూపు మాటిమాటికీ పడమటి కిటికీ మీదికి పోతోంది. ఇన్నాళ్లూ ఈ మనిషినా తను తిట్టుకున్నది అని ఓరిన్‌కి సిగ్గేసింది.

జానెడు పొద్దుందనగా ప్లాట్ గారి గొంతు పోయింది. నోరు ఆడుతోంది గాని మాట రావడంలేదు. బల్ల మీద కూలబడబోయారు. కానిస్టేబులు టోపీ పెట్టుకున్నాడు.

"అయ్యా!" ఓరిన్ కంగారుగా లేచాడు. "నాదో సందేహం. ఆ జెరుబ్బాబెలు తాతగారెవరు?"

"ఓరిన్, నీకేమైనా పిచ్చా!" సభంతా లబోదిబోమంది.

ప్లాట్ గారికి గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో వచ్చింది. "యెకొన్యా! ఆయన మామూలు మనిషి కాదు, రాజు..." ఆయన తాతతో ఆగలేదు, దావీదుదాకా వెళ్లారు. ఈలోగా సూర్యుడు కొండ దిగిపోయాడు.

బయట చలిలో ఓరిన్ ఆయన్ని అందుకున్నాడు. కళ్లు చెమర్చాయి. "మీది ఇంత మంచి మనసని ఇరవై ఏళ్లుగా తెలుసుకోలేకపోయానండీ. ఆ తల్లి, ఆ పిల్లలు..."

ప్లాట్ గారు ముఖం ముడుచుకున్నారు.

"అది సరేగాని, తాత పేరు పొద్దున్నే చెప్పాను కదటయ్యా," అన్నారు బొంగురు గొంతుతో. "వినకుండా ఏం రాస్తున్నావు నువ్వు?"