ఎండలో ఆరబెట్టిన రికార్డు

నా మొదటి జీతంతో అబిడ్స్‌లో రికార్డ్ ప్లేయర్ కొనుక్కున్నాను. "ఇంట్లో రేడియో ఉండగా ఆడపిల్లకి ఇదెందుకే?" అని అన్నయ్య మండిపడ్డాడు. జీతం నాది, చెవులు నావి. నేనెవరినీ అడగలేదు.

ప్లేయర్‌తోపాటు కొన్న పాత రికార్డు నిండా దుమ్ము. బెజవాడ నుంచి హైదరాబాద్ వచ్చి పదేళ్ళయినా, కడిగిన దేనికైనా ఎండ తగలనిదే మాకు మనసొప్పదు. దాన్ని కుంకుడు రసంతో రుద్ది, నాంపల్లిలో మేం అద్దెకున్న ఇంటి డాబా మీద, అమ్మ పెట్టిన వడియాల పక్కనే ఆరబెట్టాను. మధ్యాహ్నానికి వేయించిన అప్పడంలా వంకర తిరిగింది.

తీసుకెళ్ళి షాపాయనకు చూపించాను. "ఏందమ్మా, ఎండల పెట్టిన్రా? గిది ఇగ పాడది, పడెయ్యుండ్రి," అన్నాడు.

పడెయ్యలేదు. ఇంటికొచ్చి దాన్నే పెట్టాను. ప్లేయర్ ముల్లు పడవలా లేచి పడుతూనే ఉంది కానీ పాటను వదల్లేదు. పాడే గొంతు వణికింది, అంతే.

అన్నయ్య వచ్చి, "ఆ ఏడుపు ఆపు," అంటూ ముల్లు మీదికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాను. "పాట అయ్యేదాకా ముల్లు ఎత్తకూడదు," అన్నాను.

అలాంటి నియమం ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉంది.