గోడను తన్నమన్న సుగుణ ఆంటీ

నిన్న పొద్దున చర్చి వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ చూసి, ఎవరో పొరపాటున పెట్టారనుకున్నాను.

సుగుణ ఆంటీ ఇక లేరు. నిద్రలోనే వెళ్లిపోయారట.

మొన్న ఆదివారమే కదా, నా ప్లేట్‌లో ఇంకో గరిటె చేపల పులుసు వేసి, "పుస్తకాలు తిని బతుకుతావా ఏంటే?" అన్నారు.

రెండేళ్ల క్రితం ఇక్కడికి దగ్గరలో అంతర్జాతీయ ఈత పోటీలు జరిగినప్పుడు, ఆంటీ తనతో పాటు నన్నూ వాలంటీర్‌గా చేర్పించారు. నా అభిప్రాయం అడగలేదు. మాకు అప్పగించిన టీమ్ పసిఫిక్‌లోని ఒక చిన్న ద్వీప దేశానిది. ఇద్దరు స్విమ్మర్లు, ఒక కోచ్. అంతే.

వాళ్ల దేశంలో స్విమ్మింగ్ పూల్ లేదు. పదిహేడేళ్ల సేలా సముద్రంలోనే నేర్చుకుంది. అక్కడ నీళ్లలో తేలే డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. ఇక్కడ గోడను చేత్తోనో కాలితోనో తాకి తిరగాలి. తాకకపోతే రేసు చెల్లదు.

ప్రాక్టీస్‌లో సేలా ప్రతిసారీ గోడకు జానెడు దూరంలోనే తిరిగిపోయింది. అలవాటు. కోచ్ తల పట్టుకున్నాడు.

"మా ఊరంతా చూస్తుంటారు," అని సేలా ఏడ్చింది.

ఆ సాయంత్రం ఆంటీ వాళ్లను పక్క ఊరు ఫ్రిస్కోలో తన ఇంటికి భోజనానికి తీసుకెళ్లారు. సేలాను కార్పెట్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, సోఫా వైపు కాళ్లు పెట్టించారు.

"కిక్ ఇట్, సేలా! తన్ను!"

"సోఫా విరిగిపోద్దే, సుగుణా!" అన్నారు అంకుల్.

"విరగనివ్వండి. మీరు కాస్త పక్కకి జరగండి."

"ఆంటీ, అసలు మీకు ఈత వచ్చా?" అని అడిగాను.

"రాదు. తన్నడం వచ్చు. ముగ్గురు అన్నల మధ్య పెరిగాను."

అది నేను ఇంగ్లీషులో చెబితే, సేలా మొదటిసారి నవ్వింది.

మర్నాడు వంద మీటర్ల రేసు. మలుపు ఒక్కటే.

సేలా గోడ దగ్గరికి వస్తుంటే ఆంటీ లేచి నిలబడి "తన్ను!" అని అరిచారు. చర్చిలో పాటలు కూడా పెదవులతోనే పాడే నేను, నేనూ అరిచాను.

తన్నింది.

అందరికంటే చివర వచ్చింది. కానీ బోర్డు మీద ఆమె పేరు పక్కన టైమ్ పడింది. అది వాళ్ల దేశానికి కొత్త రికార్డు.

నిన్న సేలాకు కబురు పంపాను. ఈ ఉదయం ఒక వీడియో పంపింది. వాళ్ల రేవులో రెండు స్తంభాలకు అడ్డంగా పెద్ద చెక్క కొట్టారు. అదే వాళ్ల గోడ. ఒక చిన్నపాప ఈదుకుంటూ వస్తోంది. పైన నిలబడ్డ పిల్లలంతా ఒకటే అరుపు.

"తన్ను! తన్ను!"

అది ఏ భాషో వాళ్లకు తెలియదు.

వెళ్లి రండి, ఆంటీ. ప్రభువు దగ్గర హాయిగా ఉండండి.

అక్కడ ఎవరైనా భయపడుతూ కనిపిస్తే, ఏం చెప్పాలో మీకు తెలుసు.