గేటు ముందు కుర్చీ, కుర్చీ మీద తువాల

మా నాన్న మంగయ్య ఉద్యోగమంతా ఇల్లెందు బొగ్గుగనిలో గడిచింది. రిటైరయ్యాక ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నారు. స్థలం కొన్నప్పుడు ఎదురుగా సర్కారు తుమ్మలు తప్ప ఏమీ లేవు. గృహప్రవేశం నాటికి అక్కడొక ప్రైవేటు స్కూలు లేచింది. నాన్నకు సంతోషమే. "పిల్లల సప్పుడు ఉంటది, మంచిగనే ఉంటది" అన్నారు. ఆ సంతోషం జూన్‌లో బడి తెరిచేదాకా నిలిచింది.

పొద్దున పూట బాధ లేదు, పిల్లల్ని దింపేసి వెళ్లిపోయేవారు. సాయంత్రం అలా కాదు. బడి వదలకముందే బండ్లన్నీ వచ్చి వీధిలో కాచుకునేవి. మా గేటు ముందు నున్నటి సిమెంటు వాలు, పైన బాదం చెట్టు నీడ. వీధి మొత్తంలో అంత సుఖమైన జాగా ఇంకొకటి లేదు. నాన్న తన కోసం నునుపు చేయించుకున్న వాలు మీద ఊళ్లోవాళ్ల కార్లు కునుకు తీసేవి.

మొదట్లో నాన్న పట్టించుకోలేదు. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక వచ్చింది అసలు తంటా. రోజూ కాలు వంచి కసరత్తు చేయించకపోతే కర్రలా బిగుసుకుపోతుందని డాక్టరు భయపెట్టాడు. కసరత్తు చేయించే నాగలత మేడం అమ్మకిచ్చిన టైము సాయంత్రం నాలుగు. సరిగ్గా బడి వదిలే వేళ. అమ్మ కోసమే నాన్న ఒక పాత కారు కొన్నారు. లోపల ఆ కారు, కారులో కాలు చాపుకుని అమ్మ, స్టీరింగు ముందు నాన్న. గేటుకు అవతల అడ్డంగా ఎవరిదో పెద్ద తెల్ల కారు, అందులో మనిషి ఉండడు.

ఆ మనిషి బడిలోంచి కొడుకు చెయ్యి పట్టుకుని నింపాదిగా వచ్చేవాడు.

"సారీ తాతా, రెండు నిమిషాలే గదా."

"నీ రెండు నిమిషాలల్ల మా గనిల షిఫ్టు దిగిపోతుండె బిడ్డా!" అనేవారు నాన్న.

అమ్మానాన్నలు వెళ్లేసరికి నాగలత మేడం మరొకరి కాలు పట్టుకుని ఉండేది. చేసేదేమీ లేక తిరిగొచ్చేవారు. అమ్మ పేరు ఉప్పలమ్మ. నోరు మంచిదే గానీ కదలలేని కోపం ఆమెను మార్చేసింది. "జర నా కాలు వంగనియ్యి. నేనే నడుసుకుంట పోయి ఒక్కొక్కని సంగతి చెప్త" అని మంచం మీంచే శపథం చేసింది.

నాన్న గేటుకు బోర్డు రాయించారు, ఇక్కడ బండ్లు నిలుపరాదని. మర్నాడు ఒకాయన స్కూటరు ఆపి, దాని మీదే కూర్చుని, ఆ బోర్డును మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదువుకున్నాడు. తర్వాత నాన్న ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెట్టారు. దాన్ని మర్యాదగా పక్కకు జరిపి కారు పెట్టారొకరు. ఇంకో ఆవిడ అదే కుర్చీలో కూర్చుని కూతురి కోసం ఎదురుచూసింది. మంచినీళ్లు కూడా అడిగింది.

ఒకరోజు నాన్న ముఖం కడుక్కుని, భుజం మీది తువాలను కుర్చీ మీద వేసి, మరిచిపోయి లోపలికి వచ్చారు. నాలుగవుతుంటే ఒక కారు వచ్చి ఆగింది. నడిపేవాడు కుర్చీని జరపబోయి, తువాల చూసి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"ఎవరో ఏసుకున్నరు, వస్తరేమో" అని భార్యతో అని, బండి ముందుకు పోనిచ్చాడు.

కిటికీలోంచి చూస్తున్న నాన్నకు విషయం తెలిసిపోయింది. సెలవు దొరికినప్పుడల్లా ఇల్లెందు నుంచి తిరుమలాయపాలెం మండలంలోని సొంతూరికి ఆర్టీసీ బస్సులో తిరిగిన మనిషి ఆయన. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువాల వేస్తే ఆ సీటు వేసినవాడిదే. ఎంత తగవులమారి అయినా తువాల మీద కూర్చోడు.

"చూసినవా? బోర్డుకు ఆగలే, తువాలకు ఆగిన్రు!"

"గట్లైతే ఇంకో తువాల కొను. ఇది మాసింది" అంది అమ్మ.

ఆ రోజు నుంచి అమ్మ కసరత్తు ఒక్కనాడూ తప్పలేదు. మోకాలు కొంచెం కొంచెంగా మాట వినసాగింది. అయితే నాగలత మేడం ఇంటి దగ్గర నాన్న కారు ఆపేది పక్కనే ఉన్న పిండిగిర్ని ముందు. గిర్ని ఆయన బయటికొచ్చి "పెద్దాయనా, ఎంతసేపు?" అని అడిగితే నాన్న ఏమాత్రం తడుముకోకుండా "రెండు నిమిషాలే" అన్నారు. అమ్మ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.

"గది దవాఖాన పని, అది వేరే!" అని గొణిగారు నాన్న.

ఈ కిటుకు వీధికంతా పాకింది. రోడ్డు పొడవునా రాళ్ల కింద దస్తీలు, చున్నీలు, ఒకచోట టిఫిన్ సంచి. "నా చున్నీ ముందుగల్ల పడ్డది!" "పడితే? గాలికి నా జాగలకు వచ్చింది!" అని తల్లులు బస్టాండులో లాగానే కొట్లాడుకునేవారు. నాన్న అరుగు మీద కూర్చుని కండక్టరులా తీర్పు చెప్పేవారు.

పోయిన చలికాలం నాన్న పోయారు. గుండె. కారు అమ్మేశాం. గేటులోంచి బయటికి రావాల్సిన బండి ఇప్పుడేదీ లేదు. అయినా మూడు దాటగానే అమ్మ కర్ర లేకుండా నడిచి వెళ్లి కుర్చీ వేసి, ఉతికిన తువాల దాని మీద పరుస్తుంది. ఇంకెందుకమ్మా అని అడిగాను.

"ఆయన జాగ" అంది.

ఈ జూన్‌లో ఒక కొత్త కారు వచ్చి ఆగింది. అద్దం దించి ఒక అమ్మాయి అడిగింది. "అమ్మమ్మా, ఎవరన్న వస్తరా ఇక్కడికి? జాగ యాడా దొరుకుతలేదు. రెండు నిమిషాలే."

అమ్మ తువాల వైపు చూసింది. ఏళ్లుగా దాచుకున్న తిట్లన్నీ ఇప్పుడు బయటపడతాయని నేను గుమ్మంలో నిలబడిపోయాను. అమ్మ వాలు దిగి, తువాల తీసి నాన్నలా భుజాన వేసుకుని, కుర్చీ పక్కకు లాగి కూర్చుంది. మోకాలు చక్కగా వంగింది.

"ఎవరూ రారు. పెట్టుకో బిడ్డా."

ఆ అమ్మాయి బడిలోకి వెళ్లింది. అందరి పిల్లలూ వచ్చారు గానీ ఆమె రాలేదు. బండ్లన్నీ కదిలిపోయాక, సగం తిన్న ఐసుతో ఉన్న కొడుకును నడిపించుకుంటూ వచ్చింది.

అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇయ్యేనా నీ రెండు నిమిషాలు? మా గనిల షిఫ్టు దిగిపోతుండె!"